చిన్నదవుతూ వచ్చిన ముగ్గు: ఒక పార్కిన్సన్స్ కేసు, సరైన స్పెషలిస్టు దొరికేదాకా గడిచిన మూడేళ్లు

నేను ఖమ్మం జిల్లాలో ఒక చిన్న పట్నంలో జనరల్ ఫిజీషియన్‌ని. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నాను. ఇది నా పేషెంట్ ఒకావిడ కేసు. ఆవిడది పార్కిన్సన్స్, అంటే వణుకు, బిగుతు తెచ్చి కదలికలను నెమ్మదింపజేసే మెదడు జబ్బు; మనవాళ్లు కంపవాతం అంటారు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇందులో నా పొరపాట్లు రెండు ఉన్నాయి. వాటిని దాచి రాస్తే ఈ కేసు ఎవరికీ పనికిరాదు.

భుజం నొప్పి, గ్యాస్, నీరసం

2018 వేసవిలో మొదలైంది. ఆవిడకు అప్పుడు 58 ఏళ్లు. ఇంట్లో ఆవకాయ, మాగాయ పెట్టి తెలిసినవాళ్లకు అమ్మేవారు. ఆ ఏడు కాయ కొట్టేటప్పుడు కుడి భుజం పట్టేసింది. ఆర్థోపెడిక్ డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. భుజంలోకి ఇంజెక్షన్ ఇచ్చారు, ఆరు నెలలు ఫిజియోథెరపీ చేయించారు. నొప్పి తగ్గింది కానీ చెయ్యి బరువుగానే ఉందని ఆవిడ అంటూనే ఉన్నారు. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం లేదన్న సంగతి మాలో ఎవరమూ గమనించలేదు. పార్కిన్సన్స్ కొందరిలో వణుకు కంటే ముందు ఒకవైపు భుజం నొప్పిగా, బిగుతుగా బయటపడుతుంది. ఎముకల డాక్టరుకూ నాకూ ఇద్దరికీ ఇది పుస్తకంలో చదివిన విషయమే. పేషెంట్ కుర్చీలో కూర్చుని భుజం చూపిస్తుంటే మాత్రం గుర్తుకు రాలేదు.

చాలా తర్వాత వెనక్కి వెళ్లి అడిగితే మిగతావన్నీ బయటికొచ్చాయి. పచ్చడిలో వేసే ఇంగువ వాసన ఆవిడకు తెలియడం మానేసి అప్పటికే రెండేళ్లయింది. ఈ సంగతి కోడలికి మాత్రమే తెలుసు. రాత్రుళ్లు నిద్రలో అరిచేవారు, చేతులు విసిరేవారు. ఒకసారి పక్కనున్న భర్త మూతికి గట్టిగానే తగిలింది. గాలి సోకిందేమోనని ఆయన తాయత్తు కట్టించారు. మలబద్ధకం సంగతి నాకు చెప్పారు. దానికి నేను ఇసబ్‌గోల్ రాశాను. ఇవన్నీ పార్కిన్సన్స్ ముందస్తు గుర్తులు కావచ్చు. అంటే ఒక్కో ముక్క ఒక్కొక్కరి దగ్గర ఉండిపోయింది. అన్నీ ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరు.

2019లో మాట సన్నబడింది. ముఖంలో కళ తగ్గింది. అత్తగారు తన మీద అలిగారేమోనని కోడలు కొన్నాళ్లు బాధపడిందట. థైరాయిడ్ చేయించాను, నార్మల్. డిప్రెషన్ అనుకున్నాను. కడుపుబ్బరం, తిన్నది అరగడం లేదు అంటే రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ రాశాను.

నా మొదటి పొరపాటు ఇదే. మెదడులో కదలికలను నడిపే రసాయనం డోపమైన్. అది పనిచేసే చోటును లెవోసల్పిరైడ్ అడ్డుకుంటుంది. పార్కిన్సన్స్‌లో అసలే డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతూ ఉంటాయి. ఉన్న కాస్త డోపమైన్‌నూ ఈ క్యాప్సూల్ పనిచేయనివ్వదు. ఈ జబ్బు లేనివాళ్లలో కూడా నెలల తరబడి వాడితే కొందరిలో అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే రావచ్చు. అమెరికాలో అమ్మకానికే లేని ఈ మందు మన దగ్గర గ్యాస్ మాత్రతో కలిపి విరివిగా దొరుకుతుంది. నేను రాసింది నెల రోజులకు. ఆ తర్వాత 2020 లాక్‌డౌన్ వచ్చింది. పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇస్తూ పోయారు. ఆవిడ ఏడాదికి పైగా వాడారు.

ఫోన్‌లో ముగ్గులు

2021 సంక్రాంతి అయిన వారానికి కూతురు ఆవిడను తీసుకొచ్చింది. కింది పెదవి వణుకుతోంది. రెండు చేతులూ బిగుసుకుపోయాయి. కుర్చీలోంచి లేవడానికి మూడుసార్లు ప్రయత్నించారు. కూతురు ఫోన్ తీసి, "సార్, ఇది చూడండి" అని రెండు ఫోటోలు చూపించింది. మొదటిది 2017 భోగి నాడు వేసిన ముగ్గు. వాకిలంతా నిండిపోయి ఉంది, చుక్కలు సమంగా ఉన్నాయి, గీతలు ఎక్కడా ఆగలేదు. రెండోది 2021లోది. మొదటి వరస చుక్కలు మామూలుగానే మొదలై, కుడివైపుకి వెళ్లేకొద్దీ దగ్గరైపోయాయి. ముగ్గు మొత్తం పీట అంత కూడా లేదు.

పార్కిన్సన్స్‌లో చేతిరాత వరస చివరికి వచ్చేసరికి చీమల్లా చిన్నదైపోతుందని మాకు చదువులో చెబుతారు. ఆవిడకు రాసే అలవాటు తక్కువ. అదే గుర్తు ఆవిడలో ముగ్గులో కనిపించింది. ఆ కూతురు ఫోటోలు తేకపోతే నేను ఇంకెన్నాళ్లు డిప్రెషన్ అనుకుంటూ ఉండేవాడినో. అప్పటి నుంచి నేను అనుమానం వచ్చిన ప్రతి పేషెంటునూ పాత పెళ్లి వీడియోలు, పాత సంతకాలు, పాత ఫోటోలు తెమ్మంటున్నాను. ఏ స్కాన్ కంటే కూడా అవి నాకు ఎక్కువ చెబుతున్నాయి.

లెవోసల్పిరైడ్ ఆపేశాను. ఆ వేళే న్యూరాలజిస్టుకి చూపించమని ఒక చీటీ రాసిచ్చాను. ఆ చీటీలో ఉన్నది ఒక్క వాక్యం: పార్కిన్సన్స్ అనుమానం, చూడగలరు. అది నా రెండో పొరపాటు. ఏ మందు ఎన్నాళ్లు వాడారు, ఏ వైపు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, వాసన పోయిందా లేదా, ఒక్కటీ రాయలేదు.

మొదటి ప్రయాణం

నగరంలో పెద్ద ఆసుపత్రికి వెళ్లారు. పేరు అనవసరం. ఆ రోజు ఓపీలో డాక్టరు గారి దగ్గర గడిచింది ఐదారు నిమిషాలని కూతురు చెప్పింది. ఎంఆర్‌ఐ తీశారు, మెదడు వయసుకు తగ్గట్టే ఉందని వచ్చింది. దాంతో ఇంట్లోవాళ్లకు ఏమీ లేదన్న ఆశ పుట్టింది. పార్కిన్సన్స్‌లో మామూలు ఎంఆర్‌ఐ నార్మల్‌గానే వస్తుందని, అది వేరే జబ్బులు లేవని చూసుకోవడానికి తీసేదని ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఈ జబ్బును ఇవాళ్టికీ తేల్చేది డాక్టరు కన్ను, చెయ్యి, వేసే ప్రశ్నలు. అందుకే స్పెషలిస్టు ఎవరన్నది ఇందులో అంత ముఖ్యం.

ఆ ఆసుపత్రి చీటీలో సిండోపా, ట్రైహెక్సీఫెనిడిల్, ప్రమిపెక్సోల్, అమాంటడిన్ అనే నాలుగు పార్కిన్సన్స్ మందులు, ఒక నిద్రమాత్ర ఉన్నాయి. అన్నీ ఒకేసారి. ఒక్కొక్కటి విడిగా చూస్తే తప్పు మందు కాదు. ఆరు పదులు దాటినవాళ్లకు అన్నీ కలిపి ఒకే వారంలో మొదలుపెడితే ఏది పనిచేస్తోందో, ఏది చెడు చేస్తోందో ఎవరికీ అంతుబట్టదు. మార్చి నెలకల్లా మంచం మీద చిన్నపిల్లలు కూర్చున్నారని ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. మలబద్ధకం ఇంకా పెరిగింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే దగ్గర్లో ఎవరో సిన్నారిజిన్ ఇచ్చారు. అది కూడా డోపమైన్‌ను అడ్డుకునే మందే.

ఇంకో చిన్న సంగతి జరిగింది, మన దగ్గర తరచూ జరిగేదే కాబట్టి రాస్తున్నాను. సిండోపాలో 110 ఉంది, ప్లస్ అని 125 ఉంది. రెండింట్లోనూ అసలు మందు, మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా, 100 మిల్లీగ్రాములే. తేడా దానికి తోడుగా ఉండే కార్బిడోపాలో ఉంది: ఒకదాంట్లో 10, ఇంకోదాంట్లో 25. కార్బిడోపా తక్కువైతే లెవోడోపా మెదడుకు చేరకముందే రక్తంలో మారిపోయి వాంతి తెప్పిస్తుంది. చీటీలో 125 ఉంటే, లేదని 110 ఇచ్చారు షాపులో. వికారం మొదలైంది. వికారానికి పెరినార్మ్ వేసుకున్నారు. పెరినార్మ్ అంటే మెటోక్లోప్రమైడ్, అది పార్కిన్సన్స్‌ను ఇంకా పెంచుతుంది. ఒక మాత్ర మారితే ఇంత దూరం పోయింది.

ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో వేవ్. ఎక్కడికీ కదలడానికి లేదు. బంధువులెవరో కంపవాతానికి పొడి తెచ్చిచ్చారు. ముఖ్యంగా అది దూలగొండి గింజల పొడి. దాన్ని తీసిపారేసే మాట నేను అనను. దూలగొండిలో నిజంగానే లెవోడోపా ఉంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని వేరుచేశారు. జార్జ్ కోట్జియాస్ పెద్ద మోతాదు లెవోడోపాతో రోగులు కోలుకుంటున్నారని అమెరికాలో చూపించింది 1967లో, అంటే ముప్ఫై ఏళ్ల తర్వాత. చిక్కు ఎక్కడంటే, పొడిలో ఎంత మందు ఉందో డబ్బాకీ డబ్బాకీ మారుతుంది. ఆవిడ సిండోపా వేసుకుంటూనే రెండు చెంచాల పొడి కూడా తాగారు. జూలై కల్లా మాత్ర వేసుకున్న గంటకి మెడ, భుజాలు మెలికలు తిరిగిపోవడం మొదలైంది. చూసినవాళ్లు జబ్బు ముదిరిందన్నారు. అది మందు ఎక్కువైన గుర్తు.

ఎలా వెతికాను

ఆగస్టులో ఆమె భర్త ఒక్కడే వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. "డాక్టరు గారూ, ఎక్కడికి తీసుకెళ్లమంటే అక్కడికి తీసుకెళ్తా, ఎకరం అమ్మైనా సరే. కానీ ఎవరి దగ్గరికో చెప్పండి" అన్నాడు. ఆ మాటతో నాకు చెమట పట్టింది. ఇన్నేళ్లలో నేను న్యూరాలజిస్టుకి చూపించండి అనడమే తప్ప ఎవరికి, ఎందుకు అని ఆలోచించింది లేదు. గుండె జబ్బుకైతే ఎవరు యాంజియో బాగా చేస్తారో నాకు తెలుసు. దీనికి తెలియదు.

న్యూరాలజీలో పక్షవాతం, ఫిట్స్, తలనొప్పి, నరాల జబ్బులు, జ్ఞాపకశక్తి జబ్బులు అన్నీ ఉంటాయి. డీఎం న్యూరాలజీ అయ్యాక పార్కిన్సన్స్, వణుకు, మెలికల జబ్బుల మీద విడిగా ఫెలోషిప్ చేసి, వారంలో కొన్ని రోజులు వాళ్లనే చూసేవాళ్లు ఉంటారు. వాళ్లను మూవ్‌మెంట్ డిజార్డర్స్ స్పెషలిస్టులు అంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో, తిరువనంతపురం శ్రీచిత్రలో ఈ శిక్షణ ఉంది. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో ఈ జబ్బుల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్న బృందం ఉంది. సఫినమైడ్ అనే పార్కిన్సన్స్ మందు మీద 2014లో వచ్చిన అంతర్జాతీయ పరిశోధన పత్రానికి మొదటి రచయిత అప్పట్లో నిమ్స్‌లో ఉన్న డాక్టర్ రూపమ్ బొర్గోహెయిన్. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఇలాంటి శిక్షణ పొందినవాళ్లు ఉన్నారు. అంటే తెలుగువాళ్లకు ఈ వైద్యం అందనంత దూరంలో లేదు.

ఆ వారం మెడికల్ కాలేజీ క్లాస్‌మేట్లకు ఫోన్లు చేశాను. ఎవరు పెద్ద డాక్టరు అని అడగలేదు. మీ నాన్నకి పార్కిన్సన్స్ వస్తే ఎవరికి చూపిస్తావు అని అడిగాను. మూడు పేర్లు వచ్చాయి. ఆ మూడు చోట్లా ఓపీ కౌంటర్‌కి, కుదిరిన చోట నేరుగా డాక్టరుకే ఫోన్ చేశాను. పార్కిన్సన్స్ వాళ్లకు విడిగా క్లినిక్ రోజు ఉందా? మొదటిసారి చూసేటప్పుడు ఎంతసేపు కేటాయిస్తారు? రెండు విజిట్ల మధ్య మందు తేడా చేస్తే ఎవరిని అడగాలి? ఫిజియోథెరపీ, మాట, మింగడం, మనసు చూసేవాళ్లు అక్కడే ఉన్నారా? మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ చేస్తారా, చేస్తే ఎవరికి వద్దంటారు? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబు నాకు చాలా చెప్పింది. ఒకచోట ఫోన్‌లోనే ఆపరేషన్ ప్యాకేజీ ధర చెప్పారు. పేషెంట్‌ని చూడకుండానే. ఆ పేరు కొట్టేశాను. ఇంకోచోట డాక్టరు, ముందు పేషెంట్ వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మనండి, ఖాళీ అట్టలు కూడా, అన్నారు. అక్కడికే పంపాను. ఆ డాక్టరు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే చదివినవాళ్లంతా ఆ ఒక్క తలుపు దగ్గరే నిలబడతారు. వెతికే పద్ధతి తెలిస్తే విశాఖలో ఉన్నవాళ్లు విశాఖలోనే, బెంగళూరులో ఉన్నవాళ్లు బెంగళూరులోనే వెతుక్కోగలరు.

ఈసారి రెండు పేజీల ఉత్తరం రాశాను. లెవోసల్పిరైడ్ ఏ నెల నుంచి ఏ నెల దాకా వాడారో, అది నేనే రాశానన్న సంగతితో సహా.

నలభై నిమిషాలు

సెప్టెంబర్‌లో తెల్లవారుజామున రైలెక్కి వెళ్లారు. నేనూ వెళ్లాను. ఒక పేషెంట్‌తో అలా వెళ్లడం నాకు అదే మొదలు. ఆ గదిలో చూసిందంతా రాయాలని ఉంది, ఎందుకంటే మంచి వైద్యం ఎలా ఉంటుందో చూస్తేనే తెలుస్తుంది.

మొదట ఆవిడను వరండాలో నడిపించారు, వెళ్లి తిరిగి రమ్మన్నారు. తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టారు. బొటనవేలు, చూపుడువేలు తాటించమన్నారు, పదిహేనుసార్లు. మొదటి నాలుగైదు పెద్దవి, తర్వాత చిన్నవైపోయాయి. నాకు ముగ్గు గుర్తొచ్చింది. వెనక నిలబడి, లాగుతానని ముందే చెప్పి, భుజాలు పట్టి ఒక్క లాగు లాగారు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకున్నారు. కళ్లు పైకీ కిందికీ తిప్పించారు. పార్కిన్సన్స్‌లా కనిపించే ఇంకో జబ్బులో చూపు కిందికి దిగదు, మొదట్లోనే పడిపోతుంటారు. అది కాదని చూసుకోవడానికి. పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబెట్టి మూడు నిమిషాలకు మళ్లీ చూశారు. 140 ఉన్న పై అంకె 112కి పడింది. కళ్లు తిరగడానికి కారణం అది. సిన్నారిజిన్‌తో తగ్గేది కాదు.

ఆ తర్వాత భర్తను పక్కకి పిలిచి, ఈ మధ్య డబ్బు ఖర్చు పెట్టడంలో, తిండిలో ఏమైనా మార్పు వచ్చిందా అని అడిగారు. ప్రమిపెక్సోల్ లాంటి మందులు కొందరిలో అదుపులేని కోరికలు తెస్తాయి. ఇంట్లోవాళ్లు అది గుణం మారడం అనుకుంటారు. ఆయన కాసేపు తటపటాయించి, రోజూ ఆన్‌లైన్‌లో చీరలు తెప్పిస్తోందని చెప్పాడు. నలభై ఏళ్ల కాపురంలో తనంతట తాను ఒక్క చీర కూడా అడగని మనిషట. ఆ విషయంలో ఇంట్లో పెద్ద గొడవలే జరిగాయి. అది మందు వల్ల కావచ్చని డాక్టరు అనగానే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎంఆర్‌ఐ మళ్లీ తీయించలేదు. మందు వల్ల వచ్చిందా, అసలు జబ్బా అని నేనే అడిగాను. ఆయన అన్నది ఇదీ: లెవోసల్పిరైడ్ ఆపి ఎనిమిది నెలలైంది. అది ఒక్కటే కారణమైతే ఈపాటికి చాలావరకు తగ్గాలి. ఎడమవైపు తగ్గింది, పెదవి వణుకు పోయింది. కుడివైపు మిగిలింది. వాసన పోవడం, నిద్రలో అరుపులు ఆ మందుకు ముందే ఉన్నాయి. జబ్బు ఉంది, ఆ మందు దాన్ని ముందుకు తోసింది. అనుమానం తీరకపోతే డోపమైన్ స్కాన్ ఒకటుంది, ఇక్కడ అవసరం లేదు. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. నా ఉత్తరం ఫైల్‌లో మొదటి కాగితంగా పెట్టారు.

మందుల మార్పు ఒక్కరోజులో చేయలేదు. సిన్నారిజిన్, పెరినార్మ్ ఆ రోజే ఆపారు. పొడి ఆపి, ఆ లోటుకి తగ్గట్టు మాత్ర మోతాదు సరిచేశారు. ట్రైహెక్సీఫెనిడిల్ వారాల మీద తగ్గించారు, తర్వాత అమాంటడిన్, చివర్న ప్రమిపెక్సోల్. ఇది చదివి ఎవరూ సొంతంగా ఇలా చేయొద్దని వేడుకుంటున్నాను. పార్కిన్సన్స్ మందు హఠాత్తుగా ఆపితే ఒళ్లు కొయ్యబారి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డిసెంబర్ నాటికి మిగిలినవి సిండోపా ప్లస్ రోజుకి నాలుగుసార్లు, నిద్రకి మెలటోనిన్, మలబద్ధకానికి పొడి. మంచం మీద పిల్లలు కనిపించడం ఆగిపోయింది. చీరలూ ఆగిపోయాయి.

ఇంటికొచ్చాక

నిజమైన పని ఇక్కడే ఉందని నాకు తర్వాత అర్థమైంది. స్పెషలిస్టు కనిపించేది నాలుగు నెలలకోసారి. మధ్యలో నూట ఇరవై రోజులు ఇంట్లో, నా దగ్గర గడుస్తాయి.

కూతురు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో డైరీ మొదలుపెట్టింది. మాత్ర వేసుకున్న టైము, తిన్నది, ఎప్పుడు ఒళ్లు తేలికయింది, ఎప్పుడు మళ్లీ పట్టేసింది. మూడు వారాల తర్వాత అది తిరగేస్తుంటే ఒక సంగతి తెలిసింది. పెసరట్టు తిన్న రోజు ఉదయం మాత్ర పనిచేయడం లేదు. లెవోడోపా పేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి వెళ్లే దారి, మాంసకృత్తులు వెళ్లే దారి ఒకటే. రెండూ ఒకేసారి వస్తే మందు వెనకబడుతుంది. ఉదయం ఆరు గంటలకు మాత్ర, ఏడున్నరకు టిఫిన్ అని మార్చాం. పప్పు, పెరుగు మానమని చెప్పలేదు. బరువు తగ్గితే అదో సమస్య. వాటిని ఎక్కువగా రాత్రి భోజనంలోకి జరిపాం. రక్తహీనతకి నేను రాసిన ఐరన్ మాత్ర కూడా ఉదయం మాత్రతోపాటే వేస్తున్నారు. ఐరన్ లెవోడోపాను పట్టేసుకుంటుంది. దాన్ని రెండు గంటలు దూరం పెట్టాం. ఒక్క మిల్లీగ్రాము పెంచకుండా రోజులో మూడు గంటల సమయం కలిసొచ్చింది ఆవిడకు.

మా ఊళ్లో ఫిజియోథెరపిస్టు కుర్రాడికి పార్కిన్సన్స్ కొత్త. స్పెషలిస్టు దగ్గరున్న ఫిజియోథెరపిస్టు వీడియో కాల్‌లో నేర్పించింది. పెద్ద అడుగు, గట్టి గొంతు, అంకెలు లెక్కపెడుతూ నడక. గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోతే నేల మీద గీత ఉన్నట్టు ఊహించుకుని దాటమంటారు. ఆ ఇంట్లో గుమ్మానికి ఇవతల రంగు టేపు అతికించారు. నెదర్లాండ్స్‌లో 2004లో పార్కిన్సన్‌నెట్ పేరుతో సరిగ్గా ఈ పని మొదలుపెట్టి, తర్వాత దేశమంతటా విస్తరించారు. స్థానిక ఫిజియోథెరపిస్టులకు, మాట నేర్పేవాళ్లకు, నర్సులకు ఈ జబ్బు మీద శిక్షణ ఇచ్చి, పేషెంట్లను వాళ్లకే పంపిస్తారు. తుంటి ఎముక విరగడం అక్కడ బాగా తగ్గింది. మనకి అంత ఏర్పాటు లేదు. ఒక స్పెషలిస్టు, ఒక ఫిజీషియన్, ఒక కుర్రాడు, ఒక నోట్‌బుక్, ఇంతే ఉంది. ఆవిడకు అది సరిపోయింది.

2020 మార్చిలో టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాక వీడియోలో చూసి మందు మార్చడానికి దారి దొరికింది. ఏడాదికి రెండుసార్లు ప్రయాణం, మిగతావి నా క్లినిక్‌లో కూర్చుని వీడియో. బిగుతు మాత్రం వీడియోలో తెలియదు. చెయ్యి పట్టుకుని కదిపి ఎంత బిగుతుందో నేను చెబుతాను, మిగతాది ఆయన చూస్తారు.

మధ్యలో ఒక అధ్యయనం చదివాను. అది 2011లో వచ్చింది. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద ఉన్న లక్షకు పైగా పార్కిన్సన్స్ రోగుల రికార్డులు చూస్తే, న్యూరాలజిస్టు వైద్యం అందినవాళ్లలో తుంటి విరగడం, నర్సింగ్ హోమ్ పాలవడం, మరణం తక్కువగా కనిపించాయి. అందులోనే ఇంకో మాట ఉంది. ఆడవాళ్లు ఆ వైద్యానికి చేరడం తక్కువ. అది చదివి నా పాత ఫైళ్లు తిరగేశాను. భుజం నొప్పి, నీరసం, దిగులు అని ఏళ్ల తరబడి నా దగ్గరికి వచ్చిన యాభై దాటిన ఆడవాళ్లను ఏడుగురిని మళ్లీ పిలిపించాను, నడిపించి చూశాను. ఒకావిడకు ఎడమ చెయ్యి ఊగడం లేదు.

ఆపరేషన్లు, ఒకటి వద్దన్నది, ఒకటి తప్పనిది

2023లో మందు దిగిపోవడం మొదలైంది. నాలుగు గంటలు పనిచేసే మాత్ర రెండున్నర గంటలకే అయిపోతోంది. ఇది మందు చెడిపోవడం కాదు, జబ్బు నడక. డోపమైన్‌ను దాచుకునే కణాలు తగ్గేకొద్దీ మాత్ర మీదే గంటగంటకీ ఆధారపడాల్సి వస్తుంది. డైరీ చూసి వ్యవధి తగ్గించి, లెవోడోపా ఎక్కువసేపు నిలిచేలా చేసే ఎంటకపోన్ కలిపారు. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు కాబట్టి ఆ రాత్రి నాకు ఫోన్ రాలేదు.

అమెరికాలో ఉన్న మేనల్లుడు డీబీఎస్ చేయించమని పట్టుబట్టాడు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ బృందం 1987లో మొదలుపెట్టిన చికిత్స అది. తగినవాళ్లకు బతుకే మారిపోతుంది. స్పెషలిస్టు అరగంట కూర్చోబెట్టి చెప్పారు. మాత్రతో ఏ లక్షణం తగ్గుతుందో అదే ఆపరేషన్‌తోనూ తగ్గుతుంది. రోజంతా ఆ స్థాయిలో నిలుస్తుంది, అదే దాని మేలు. మాత్రకి లొంగని తూలు, మింగడం, సన్నబడిన గొంతు దీనితో బాగుపడవు. మందు మానిపించి ఒకసారి, వేసి ఒకసారి కొలుస్తారు, కనీసం మూడోవంతు దాకా తేడా ఉండాలి. ఖర్చు లక్షల్లో. ఆవిడకు మందు సర్దుబాటుతో ఇంకా రోజు గడుస్తోంది కాబట్టి ఇప్పుడు వద్దు, ప్రతి విజిట్‌లో మళ్లీ చూద్దాం అన్నారు. ఎకరం అమ్మకుండా నిలిచిపోయింది.

2024లో పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్ తప్పలేదు. ఈసారి స్పెషలిస్టు ముందే ఒక కాగితం ఇచ్చారు. ఆపరేషన్ రోజు కూడా మాత్ర టైముకి గుక్కెడు నీళ్లతో వేయాలి. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరాజిన్, హాలోపెరిడాల్ ఇవ్వకూడదు. వాంతికి డోంపెరిడోన్ గానీ ఆన్డాన్‌సెట్రాన్ గానీ. కూతురు దాన్ని ఎర్ర స్కెచ్‌తో పెద్దగా రాసి మంచం తల వైపు అతికించింది. రాత్రి పదకొండింటికి వాంతి అయితే డ్యూటీ నర్సు అలవాటుగా పెరినార్మ్ సిరంజిలోకి ఎక్కించింది. కూతురు గోడ మీది కాగితం చూపించింది. ఆ నర్సు ఆగి, చదివి, నాకు ఫోన్ చేసి మరీ మందు మార్చింది. మర్నాడు పొద్దున ఆవిడ వార్డులో నడుస్తున్నారు.

ఇప్పుడు

ఆవిడ పచ్చళ్లు పెడుతున్నారు. కాయ కొట్టేది కోడలు, కారం, ఆవపిండి కొలిచి కలిపేది ఆవిడ. ఇంగువ పాళ్లు చేతి లెక్కతోనే వేస్తారు, వాసన తిరిగి రాలేదు. గొంతు మధ్యాహ్నానికి సన్నబడుతుంది. రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగడం కష్టంగా ఉంది. భర్త రెండుసార్లు లేచి తిప్పుతాడు, ఆయనకీ మోకాళ్లు అరిగాయి. ఈ ఒక్క సమస్యకి మా దగ్గర ఇంకా సరైన జవాబు లేదు. శాటిన్ దుప్పటి, మంచానికి కట్టిన తాడు ప్రయత్నిస్తున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది కాబట్టి సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టించాను.

పోయిన నెల ఆవిడ నన్ను అడిగారు: "బాబూ, మొన్న పక్కింటాయన చెయ్యి కూడా నా చెయ్యిలాగే ఊగట్లేదు, ఒకసారి చూస్తావా?" ఆయన రేపు వస్తున్నాడు. వాడే మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, సంచిలో వేసుకుని రమ్మన్నాను.